హార్వర్డ్ ఆట దగ్గరే ఆగిపోకు

అమ్మలూ,

మీ తెలుగు సంఘం సావనీర్‌కి కెంటకీలో ఉన్న సెంటర్ కాలేజీ 1921 ఫుట్‌బాల్ సీజన్ గురించి రాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. స్పోర్ట్స్ డెస్కులో ముప్ఫై ఏళ్లు కూర్చున్నవాణ్ణి కదా, అడక్కపోయినా నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను.

ఫుట్‌బాల్ అనగానే మనవాళ్లకి కాలితో తన్నే ఆటే గుర్తొస్తుంది. ఆ సంగతి మొదటి పేరాలోనే తేల్చెయ్. ఇది అమెరికన్ ఫుట్‌బాల్, బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తే ఆట, అవతలి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. అంతకు మించి రూల్సు వద్దు. సావనీర్ తెరిచేదే తమ ఫొటో పడిందో లేదో చూసుకోడానికి.

అందరూ సెంటర్ హార్వర్డ్‌ని ఓడించిన 1921 అక్టోబర్ 29తో మొదలుపెడతారు. నువ్వు ఏడాది వెనక్కి వెళ్లు. 1920లో ఇదే హార్వర్డ్ మీద సగం ఆటకి 14-14తో నిలబడి, చివరికి 31-14తో ఓడి ఇంటికెళ్లారు వీళ్లు. ఆ ఓటమి తెలిస్తేనే మరుసటి ఏటి 6-0 ఎంత పెద్దదో పాఠకుడికి తెలుస్తుంది. ఒకపక్క డాన్‌విల్ అనే చిన్న ఊళ్లో మూడు వందల మంది విద్యార్థులు కూడా లేని కాలేజీ. రెండోపక్క 1919, 1920ల్లో ఒక్క ఆటా ఓడని హార్వర్డ్. చుట్టూ నలభై వేలకు పైగా జనం.

ఆటంతా పూసగుచ్చకు. మూడో క్వార్టర్లో సెంటర్ ఆటగాడు బో మెక్‌మిలిన్ 32 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు, అక్కడ మాత్రం నిదానించు. దాని తర్వాత అదనపు పాయింటు కోసం తన్నిన తన్ను గురి తప్పింది. తప్పకపోతే 7-0 అయ్యేది, డాన్‌విల్ గోడల మీద రాత కూడా మారేది. కెమిస్ట్రీ ఫార్ములాలాగా ‘సీ6హెచ్0’ అని రాసుకున్నారు మరి! సెంటర్ ఆరు, హార్వర్డ్ సున్నా. ఆ గోడరాతల్లో ఒకటి ఇప్పటికీ ఉంది. మీ లెక్సింగ్టన్ నుంచి గంట దారి కూడా ఉండదు, వెళ్లి నీ కళ్లతో చూసి రాయి.

ట్రాన్సిల్వేనియా కాలేజీ మీద 98-0, కెంటకీ యూనివర్సిటీ మీద 55-0 లాంటివి ఒక్క వాక్యంలో దాటెయ్. వార్ వన్ సైడ్ అయినప్పుడు చెప్పడానికేముంటుంది!

చాలామంది హార్వర్డ్ గెలుపుతో ముగించేస్తారు. నాకు అదే నచ్చదు. ఆ సీజన్‌కి అసలు చివర 1922 జనవరి 2న, డల్లాస్‌లో ఉంది. అవతల టెక్సస్ ఎ అండ్ ఎం. సెంటర్ కోచ్ చార్లీ మోరాన్ అంతకుముందు కొన్నేళ్లు ఆ కాలేజీకే కోచ్. మెక్‌మిలిన్‌కి ఆ రోజే పెళ్లి! పెళ్లిపీటల మీంచి మైదానంలోకి వచ్చాడు పాపం. ఎ అండ్ ఎం వాళ్లకి ఒకరి తర్వాత ఒకరికి దెబ్బలు తగిలి రిజర్వు ఆటగాళ్లు అయిపోవచ్చారు. అంతకుముందే జట్టు వదిలేసి, ఆ రోజు పైన ప్రెస్ బాక్సులో కూర్చున్న కింగ్ గిల్‌ని వాళ్ల కోచ్ కిందికి పిలిచాడు. అతను దెబ్బ తగిలినవాడి యూనిఫాం వేసుకుని ఆట అయ్యేదాకా గీత పక్కన నిలబడ్డాడు. దిగాల్సిన అవసరమే రాలేదు, 22-14తో సెంటర్ ఓడింది. మైదానంలో జట్టుకి పదకొండు మందే కదా, ఎ అండ్ ఎంలో ఈనాటికీ ‘పన్నెండో మనిషి’ అని చెప్పుకునేది ఈ గిల్ వల్లే. సీజన్ మొత్తంలో సెంటర్‌కి అదొక్కటే ఓటమి. నీ వ్యాసంలో సగం చోటు దీనికే ఇచ్చినా నేను కాదనను.

స్కోర్లు మటుకు రెండుసార్లు సరిచూడు. కొత్తలో ఒక కాలేజీ ఫైనల్ స్కోరు తిరగేసి వేశాను. మర్నాడు పొద్దున్నే గెలిచిన జట్టు కోచ్ డెస్కుకొచ్చి, కప్పు తెచ్చి నా టీ గ్లాసు పక్కన పెట్టి, "ఇదెవరిదండీ?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా తలలు దించుకుని రాస్తున్నట్టు నటించారు. ఆ టీ చల్లారిపోయింది.

డ్రాఫ్ట్ పంపేటప్పుడు స్కోర్లన్నీ విడిగా ఒక కాగితం మీద తేదీలతో సహా రాసి పంపు. పెన్సిల్ చెక్కి పెట్టుకుంటాను.

మీ పెదనాన్న