కంప్రెసర్ రీడింగుల్లో దాచాల్సిందేముంది?

ప్రశ్న: గుంటూరు దగ్గర మాకు మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. కంప్రెసర్లను నడిపే పీఎల్‌సీని (చిన్న కంట్రోల్ కంప్యూటర్‌ని) ఇంటర్నెట్‌కు కలిపించి, టెంపరేచర్ ఫోన్‌లోనే చూసుకుంటున్నాం. డేటా బయటికి పోతుందేమోనని మా అబ్బాయికి టెన్షన్. అందులో పేర్లా, బ్యాంకు నంబర్లా? పోతే నష్టమేంటి?

జవాబు: పేర్లు లేవు గానీ మీ వ్యాపారం గుట్టంతా అందులోనే ఉంది. ఎండలో వచ్చిన బస్తాలు లోపలికెళ్తే చాంబర్ వేడెక్కి కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది. సరుకు తీసే రోజు తలుపు మాటిమాటికీ తెరుచుకుంటుంది. నెల రోజుల రీడింగులు దొరికితే చాలు, ఏ చాంబర్‌లోకి సరుకు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు కదిలిందో అంచనా కట్టేయొచ్చు. యార్డులో బేరమాడేవాళ్లకు అంతకంటే ఏం కావాలి?

ముందు రౌటర్ సెట్టింగుల్లో పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ తెరవండి. బయటి నెట్ నుంచి లోపలి పరికరానికి దారి తెరిచే రూల్స్ అక్కడే ఉంటాయి. అక్కడ 502 కనిపిస్తే మీ అబ్బాయి భయం నిజమే. అది మోడ్‌బస్ పోర్టు, అంటే పీఎల్‌సీ లాంటి యంత్రాలు మాట్లాడుకునే పద్ధతికి తలుపు. 1979లో వచ్చిన ఈ పద్ధతి ఫ్యాక్టరీ లోపలి వైర్ల కోసం పుట్టింది. మామూలు మోడ్‌బస్‌లో పాస్‌వర్డూ లేదు, ఎన్‌క్రిప్షనూ లేదు. అడిగినవాడికల్లా రీడింగ్ చెప్పేస్తుంది, పీఎల్‌సీలో అడ్డు పెట్టకపోతే సెట్‌పాయింట్ (చాంబర్‌కు మీరు పెట్టిన టెంపరేచర్) కూడా మార్చనిస్తుంది. 'మా ఐపీ అడ్రస్ ఎవరికి తెలుసులే' అనుకోకండి. నెట్‌లో తెరిచి ఉన్న పరికరాలను వెతికిపెట్టే షోడాన్ 2009 నుంచే ఉంది.

ఆ 502 రూల్ తీసేసి, రౌటర్‌లో వైర్‌గార్డ్ గానీ ఓపెన్‌వీపీఎన్ గానీ పెట్టించండి. ఇవి వీపీఎన్‌లు, అంటే మీ ఫోన్‌కూ రౌటర్‌కూ మధ్య తాళం వేసిన దారి. 'వీపీఎన్ పెడితే కంట్రోల్ నెమ్మదిస్తుంది' అని ఇన్‌స్టాలర్ అనొచ్చు. చాంబర్ చల్లబడటానికి గంటలు పడుతుంటే మిల్లీసెకన్ల గొడవ మనకెందుకు? కంప్రెసర్‌ను ఆన్, ఆఫ్ చేసే నిర్ణయం ఎలాగూ అక్కడున్న పీఎల్‌సీదే కావాలి, నెట్ పోయినా అది ఆగకూడదు.

రీడింగులు వెండర్ (సిస్టమ్ అమ్మిన కంపెనీ) సర్వర్‌కు వెళ్తుంటే మాత్రం వీపీఎన్ ఒక్కటే చాలదు. దారిలో ఎవరూ చూడకపోయినా చివర్లో వెండర్ చూస్తాడు కదా. అందుకే పంపేదే తగ్గించండి. సెకనుకో రీడింగ్ ఎందుకు, 15 నిమిషాల సగటు సరిపోతుంది. అలారాలు మాత్రం వెంటనే రావాలి. తలుపు లెక్కలు అసలు పంపకండి. ప్రైవసీ కోసం రీడింగుల్లో కాస్త తేడా కలిపే పద్ధతులూ ఉన్నాయి. కలిపితే బయటికెళ్లే కాపీలోనే కలపాలి. పీఎల్‌సీ చదివే అంకెలో కలిపితే సరుకు పాడవుతుంది.

డేటా ఎన్నాళ్లు ఉంచుతారో, ఎవరికి చూపిస్తారో వెండర్‌తో కాగితం మీద రాయించుకోండి. అన్నట్టు, ఇన్‌స్టాల్ చేసిన కుర్రాడు ఆఫీసు కంప్యూటర్‌లో రిమోట్ యాప్ వదిలి వెళ్లాడేమో ఈరోజే చూడండి. ఉంటే తీసేయండి, రిపేరు పడిన రోజు మళ్లీ వేసుకోవచ్చు.