పొద్దున్నే వచ్చే కడుపునొప్పి గురించి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

బాబుకు బడి ఉన్న రోజుల్లోనే కడుపునొప్పి వస్తోందనీ, ఆదివారం మాత్రం రావడం లేదనీ నువ్వు చెప్పినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను. పిల్లల డాక్టరు పరీక్షించి ఏ లోపమూ లేదన్నారు కాబట్టి అదంతా సాకేనని అల్లుడుగారు అంటున్నారట. సాకు కాదు. భయం వేస్తే మనకు గుండె దడదడలాడినట్లే ఏడెనిమిదేళ్ల పిల్లలకు కడుపులో తిప్పుతుంది, నొప్పి నిజంగానే వస్తుంది. ప్రాథమిక పాఠశాలలో ముప్పై ఏళ్లు పనిచేసిన నేను, ప్రార్థన గంట వేళకు పొట్ట పట్టుకుని నిలబడే పిల్లలను ఎంతమందినో చూశాను.

అంత చూసినదాన్ని, సొంత కొడుకు దగ్గర తప్పు చేశాను. నాలుగో తరగతిలో వాడు లెక్కల మాస్టారికి భయపడి కడుపునొప్పి అంటే నేనే సెలవు చీటీ రాసి ఇంట్లో ఉంచాను. ఆ పూటకు వాడి నొప్పీ తగ్గింది, నా మనసూ కుదుటపడింది. మర్నాడు నొప్పి ఇంకాస్త ముందుగానే మొదలైంది. భయపడిన చోటుకు వెళ్లకుండా తప్పించిన కొద్దీ, తప్పించుకున్నందువల్లే గండం గడిచిందని పిల్లవాడు నమ్ముతాడు తప్ప, వెళ్లినా ఏమీ కాదని తెలుసుకునే అవకాశం వాడికి దక్కదు.

నా చేతిలో సెలవు చీటీ ఉండేది, నీ చేతిలో ఫోన్ ఉంది. దసరాకు వచ్చినప్పుడు మంచినీళ్ల చెంబుకు ఆనించిన ఫోన్ మీద నుంచి చూపు తిప్పకుండా వాడు నోరు తెరుస్తుంటే నువ్వు పప్పన్నం ముద్దలు పెట్టావు. అన్నం సంగతి సరే. మేనమామ పిల్లలు ఆటకు పిలిస్తే బెరుకుతో నీ చున్నీ వెనక నక్కినప్పుడు కూడా ఫోనే ఇచ్చావు. ఏడుపు ఆగింది గానీ, ఆ బెరుకును కాసేపు ఓర్చుకుంటే అదే తగ్గుతుందని వాడికి తెలియలేదు. పిల్లల భయాలన్నిటికీ ఫోనే కారణమని నేను అనను. పుట్టుకతో వచ్చే స్వభావమూ ఉంటుంది. అయితే కనీసం 9 గంటల నిద్ర కావలసిన వయసులో రాత్రి 11 దాకా వీడియోలు చూసిన పిల్లవాడికి పొద్దున ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? పడుకోవడానికి గంట ముందే ఫోన్లన్నీ, నీదీ అల్లుడుగారిదీ సహా, హాల్లో ఒకచోట పెట్టెయ్యండి.

నొచ్చుకోకు, ఇంకొకటి చెప్పాలి. బడి బస్సు ఏ మలుపు దగ్గర ఉందో యాప్‌లో క్షణక్షణం చూస్తావు, తరగతి వాట్సాప్ గ్రూపులో రేపటి పరీక్ష సంగతి రాత్రి చదివి వాడి ముందే కంగారుపడతావు. బయట ఏదో ప్రమాదం ఉందని వాడు నీ ముఖం చూసే అనుకుంటాడు.

"టీచర్ తిడతారా?" అని పదిసార్లు అడిగితే పదిసార్లూ "తిట్టరు" అని చెప్పకు. "భయంగా ఉందని తెలుసు, అయినా నువ్వు వెళ్లగలవు" అని ఒక్కసారి నెమ్మదిగా చెప్పి సంచి తగిలించు. బడి ఒక్కటే కాకుండా చిన్న పనులతో అలవాటు చెయ్యి: మొదట నువ్వు గేటు దగ్గర నిలబడి కిరాణా కొట్టుకు కరివేపాకు కోసం పంపు, తర్వాత మెట్ల దగ్గరే ఆగిపో, ఆ తర్వాత చిల్లర లెక్క కూడా వాణ్నే చూసుకోనివ్వు. ఈ పనుల్లో ఎక్కడ ఆగిపోయినా కసరకు, నలుగురిలో పిరికివాడని అనకు.

బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో ముందు టీచరుతో మాట్లాడి తెలుసుకో, ఎందుకంటే అది నిజమైతే ఓర్చుకోమనడం అన్యాయం. ఇంత చేసినా వారాల తరబడి బడి మానేస్తున్నా, తిండీ నిద్రా తగ్గినా, పిల్లల మానసిక వైద్యులకు చూపించడానికి మొహమాటపడవద్దు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మొదటి వారం ఏడుపు తగ్గకపోగా పెరగవచ్చు. నీకు ఓపిక చాలనప్పుడు నాకు ఫోన్ చెయ్యి. రాత్రి ఎనిమిది లోపల చేస్తే వాడికి ఒక కథ కూడా చెబుతాను.

ఇట్లు,
నీ పెద్దమ్మ