ముధోళ్ కుక్కపిల్లను తెచ్చుకుంటానన్న మా అబ్బోడికి

చిరంజీవి అబ్బోడికి,

ఆదోని నుంచి మీ చిన్నాయన ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో "ముధోళ్ పిల్ల ఎక్కడ దొరుకుతుంది చిన్నాయనా?" అని అడిగావు. ఎక్కడ దొరుకుతుందో చెప్పడం రెండు నిమిషాల పని. అది ఇంటికొచ్చాక నీకూ దానికీ ఎట్లా గడుస్తుందో చెప్పాలంటే ఫోన్ చాలదు, అందుకే ఈ ఉత్తరం. ముప్పై ఏళ్లలో మా గడపలో నాలుగు ముధోళ్లు పెరిగాయి. ఇప్పుడున్న మల్లి నాలుగోది. నేను రాస్తుంటే కుర్చీ కింద పడుకుని నా కాలి మీద గడ్డం ఆనించుకుని ఉంది.

ముధోళ్ అనేది కర్ణాటకలో బాగల్‌కోట జిల్లాలోని ఊరు. కన్నడ మహాకవి రన్నడు పుట్టింది అక్కడే. కానీ ఇప్పుడు ఊరి పేరెత్తితే అందరికీ కుక్కే గుర్తొస్తుంది, పాపం రన్నడు! పూర్వం మధ్య ఆసియా నుంచి, పర్షియా వైపు నుంచి వచ్చిన బిడారుల వెంట ఈ జాతి మూలాలు దక్కనుకు చేరాయని పెద్దలు చెబుతారు. కారవాన్ అంటే బిడారే కదా, పల్లెల్లో దీన్ని 'కర్వానీ' అనడం అందుకేనట. చెవుల మీద, తోక మీద కుచ్చులా వెంట్రుకలుండే రకాన్ని 'పశ్మీ' అంటారు. అరబ్బుల సాలూకీ కుక్క ఫోటో పక్కన పెట్టి చూడు, చుట్టరికం నీకే కనబడుతుంది. ముధోళ్ సంస్థానాన్ని ఏలిన ఘోర్పడే రాజుల్లో మాలోజీరావు, బేడరు వేటగాళ్ల దగ్గర ఈ కుక్కల్ని చూసి ముచ్చటపడి, మంచివాటిని ఏరి పెంచి జాతిని నిలబెట్టాడు. ఇంగ్లండు వెళ్లినప్పుడు ఐదో జార్జికి ఒక జతను కానుకగా ఇచ్చాడు. ముధోళ్ హౌండ్ అన్న పేరు అట్లా స్థిరపడింది. 2005లో తపాలా శాఖ దీని బొమ్మతో స్టాంపు వేసింది. 2016లో సైన్యం వాళ్లు ముధోళ్ కుక్కపిల్లల్ని మీరట్‌కు తీసుకెళ్లి శిక్షణ మొదలుపెట్టారు. 2020లో ప్రధాని రేడియోలో దేశవాళీ కుక్కల గురించి మాట్లాడుతూ దీని పేరు చెప్పారు. ఇక చూడు, అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, మోసాలూ ఎక్కువయ్యాయి.

చరిత్ర ఎందుకు చెప్పానంటే, దాని గుణమంతా అందులోనే ఉంది. అది ముక్కుతో వాసన పట్టి వెతికే కుక్క కాదు, కంటితో చూసి తరిమే కుక్క. బయలు నేలలో ఎక్కడో కుందేలు చెవి కదిలితే చాలు, చూస్తుంది, లేస్తుంది, పోతుంది. ఆ క్షణంలో నువ్వు ఎంత అరిచినా దాని చెవికెక్కదు. మాట వినని కుక్క అని కొందరు తిట్టుకుంటారు. వినకపోవడం కాదది, వందల ఏళ్లుగా దాన్ని అందుకే పెంచారు.

మా రెండోది గరుడ. దాని మెడకు మామూలు పట్టీ కట్టి పొలం గట్టు మీద నడిపిస్తున్నా. మేకపిల్ల ఒకటి చెంగున దూకింది. ఈ జాతికి తల సన్నం, మెడ బలం. ఒక్క వెనకడుగు వేసి తల విదిలిస్తే పట్టీ ఊడి నా చేతిలో మిగిలింది. కుక్క ముళ్లకంచెలోంచి దూరిపోయింది. చర్మం కాగితమంత పలచన కదా, తొడ మీద జానెడు చీలింది. కుట్లు వేయడానికి డాక్టరు మామూలు లెక్కనే మత్తు ఇచ్చాడు. మర్నాడు పొద్దుటికి గానీ లేవలేదు. రాత్రంతా నేనూ మీ పిన్నీ దాని పక్కనే కూర్చున్నాం. ఒంట్లో కొవ్వు లేని ఈ రకం కుక్కలకు కొన్ని మత్తుమందులు త్వరగా దిగవు. ఆ సంగతి తర్వాత తెలిసింది. కాబట్టి నువ్వు ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా ముందే "ఇది గ్రేహౌండ్ కుక్క లాంటిది సార్" అని చెప్పు. పట్టీ మూడు వేళ్ల వెడల్పుండాలి, లాగితే కాస్త బిగుసుకునే రకం కొను.

పిల్లను కొనేటప్పుడు తల్లిని చూపించమని అడుగు. చూపించకపోతే వెనక్కి వచ్చేయ్. నేను మొదటిదాన్ని చూడకుండా కొన్నా. చేతిలో కాగితం పెట్టి "ప్యూర్" అన్నాడు. ఆరు నెలలకు ఒక చెవి నిక్కపొడుచుకుంది, తోక వంకీ తిరిగింది. పదమూడేళ్లు బతికింది, ఇంట్లో అందరికంటే బుద్ధిమంతురాలు, అది వేరే సంగతి. ముధోళ్ దగ్గర తిమ్మాపూర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల కుక్కల పరిశోధన కేంద్రం ఉంది, ముందు అక్కడ విచారించు. ఎనిమిది వారాలు నిండని పిల్లను ఎవరిచ్చినా తీసుకోవద్దు. పార్వో, డిస్టెంపర్ జబ్బుల టీకాలు వరసగా పూర్తయ్యే దాకా రోడ్డు మీద దింపకు. మూడో నెలలో రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటా. మున్సిపాలిటీలో రిజిస్ట్రేషన్ కూడా చేయించు. పిడుదుల్ని మాత్రం తేలిగ్గా తీసుకోకు. వానాకాలంలో రోజూ కాలివేళ్ల సందులు, చెవుల లోపల వేలు పెట్టి తడిమి చూడాలి. మా మూడోది పిడుదుల జ్వరంతోనే పోయింది.

తిండి గురించి నీకు టెన్షన్ వద్దు. ముధోళ్ వైపు రైతులు జొన్నరొట్టె, పాలు పెట్టే పెంచారు. నేను దానికి తోడు గుడ్డు, కాస్త మాంసం పెడతాను. ఉడికించిన బొమికలు వద్దు, విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. తిన్న వెంటనే పరుగు పెట్టించకు. లోతైన ఛాతీ ఉన్న కుక్కలకు పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. చూసినవాళ్లంతా "కడుపుకు పెట్టడం లేదా?" అని అడుగుతారు. చివరి రెండు మూడు పక్కటెముకలు కనబడుతుంటేనే అది బాగున్నట్టు. మీ అమ్మ మాట విని నెయ్యన్నం పెట్టావో, కీళ్లు పాడవుతాయి.

కాపలా కోసమైతే వద్దు నాయనా. కొత్తవాళ్లను చూస్తే దూరం జరుగుతుందే తప్ప మీద పడదు. వచ్చినవాళ్లు తల నిమరబోతే నచ్చదు. గట్టిగా కసిరితే రెండు రోజులు నీ ముఖం చూడదు. కుందేళ్ల వేట వీడియోలు ఎవరైనా చూపించి ఆశపెడితే దూరంగా ఉండు. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

మూడో అంతస్తు ఫ్లాటు కదా అని జంకుతున్నావు. ఇంట్లో ఇది రోజంతా సోఫా ఎక్కి నిద్రపోతుంది, ఫ్లాటు దానికి అడ్డం కాదు. నీ రాత్రి షిఫ్టే అడ్డం. తెల్లవారుజామునే, ఎండెక్కకముందే, చుట్టూ ప్రహరీ ఉన్న చోట పట్టీ విప్పి పది నిమిషాలు ఒళ్లు మరిచి ఉరకనివ్వాలి. అట్లాంటి స్థలం మీ దగ్గర ఉందేమో వెతుకు. లేకపోతే ఇప్పుడు వద్దులే.

ఏదీ తేల్చుకోకముందు ఉగాదికి రెండు రోజులు సెలవు పెట్టి రా. మల్లిని నీ చేతికిస్తా. పొద్దున ఐదున్నరకు లేవాలి. పాత చెప్పులు తెచ్చుకో, కొత్తవి గుమ్మంలో విడిస్తే అది ఒకటి ఎత్తుకుపోయి మంచం కింద దాస్తుంది.

ఇట్లు,
మీ చిన్నాయన