అది అగస్టస్ నాణెం కాదండీ, టిబేరియస్‌ది

మీ తాతగారి పెట్టెలో దొరికిన వెండి నాణెం మీద 'అగస్టస్' అని ఉంది కాబట్టి అది రోమన్ చక్రవర్తి అగస్టస్‌దేనా, అసలుదేనా అని అడిగారు. ఫొటో పెద్దది చేసి చూశాను. తల చుట్టూ ఉన్న అక్షరాలు 'టి సీజర్ డివి' అని మొదలవుతున్నాయి. అంటే దివ్యుడైన అగస్టస్ కొడుకు టిబేరియస్ సీజర్ అగస్టస్ అన్నమాట. అగస్టస్ అన్నది అప్పటికే చక్రవర్తుల బిరుదైపోయింది. టిబేరియస్ క్రీ.శ. 14 నుంచి 37 వరకు ఏలాడు.

వెనకవైపు కుర్చీలో కూర్చున్న స్త్రీని చూడండి, ఎంత ముచ్చటగా ఉందో! ఒక చేతిలో రాజదండం, ఇంకో చేతిలో కొమ్మ. ఆమె ఆయన తల్లి లివియా అని చాలామంది అంటారు. పక్కన ఉన్న అక్షరాలు 'పాంటిఫ్ మాక్సిమ్', అంటే ప్రధాన పూజారి; అది టిబేరియస్ బిరుదు.

నల్గొండ జిల్లా అక్కనపల్లి నిధిలోనూ అగస్టస్, టిబేరియస్ దీనారాలు, అంటే ఇలాంటి రోమన్ వెండి నాణేలు దొరికాయి.

ఇక అసలుదా అంటే, ఫొటో చూసి చెప్పలేం. ముందు కంసాలి త్రాసులో తూచండి, 3.7 గ్రాములకు అటూఇటూ ఉండాలి. అంచు చుట్టూ అతుకు గీత కనిపిస్తే పోతపోసిన నకలే. దయచేసి చింతపండుతో మాత్రం తోమకండి, ఆ నల్లటి పొర అలాగే ఉండనివ్వండి.