జీన్ థెరపీ సంగతి తర్వాత, ముందు ఆపేసిన క్యాప్సూల్ సంగతి చూడండి

ప్రశ్న: మాది పాడేరు దగ్గర. మా బాబుకి 14 ఏళ్లు, సికిల్ సెల్ ఉంది. మూడేళ్లుగా హైడ్రాక్సీయూరియా వాడుతున్నాడు. క్రిస్పర్‌తో జన్యువునే కత్తిరించి ఈ జబ్బు పూర్తిగా తీసేస్తున్నారని, మన దేశంలో కూడా వచ్చేసిందని యూట్యూబ్‌లో చూశాం. పైగా ఈ క్యాప్సూల్ క్యాన్సర్ మందు అని కామెంట్లలో ఎవరో రాశారు. ఎలాగూ కొత్తది చేయిద్దాం కదా అని 2 నెలలుగా ఆపేశాం. పోయిన వారం జ్వరం, కాళ్ల నొప్పులు వస్తే ఊళ్లో ఇంజెక్షన్ వేయించాం, తగ్గింది. జీన్ థెరపీ ఎక్కడ చేస్తారు, ఎంతవుతుంది? చెల్లికి 9 ఏళ్లు, తను బాగానే ఉంది. ఇలాంటి కొత్త విషయాలు మాలాంటివాళ్లకి అర్థమయ్యేలా ఎవరు చెప్తారు?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరడిగింది జీన్ థెరపీ గురించే గానీ నాకు మాత్రం "2 నెలలుగా ఆపేశాం" అన్న దగ్గరే కన్ను ఆగిపోయింది, అందుకే ముందు దాని గురించే చెప్తాను, ఏమీ అనుకోకండి.

హైడ్రాక్సీయూరియా కొన్ని రక్త క్యాన్సర్లలో వాడే మాట నిజమే. సికిల్ సెల్‌లో అది చేసే పని వేరు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలో ఒక రకం హిమోగ్లోబిన్ ఉంటుంది, పుట్టాక కొన్ని నెలల్లో అది తగ్గిపోతుంది, ఈ క్యాప్సూల్ దాన్ని మళ్లీ పెంచుతుంది. అది ఎంత ఎక్కువుంటే ఎర్ర కణాలు కొడవలిలా వంగడం అంత తగ్గుతుంది. ఇప్పుడు అసలు సంగతి వినండి. మీరు వీడియోలో చూసిన ఆ క్రిస్పర్ చికిత్స, కాస్‌జెవీ అంటారు, అది చేసేదీ అదే పని. బాబులో ఉన్న తప్పు జన్యువుని అది సరిచేయదు, చిన్నప్పటి హిమోగ్లోబిన్‌ని ఆపి ఉంచే బీసీఎల్11ఏ అనే బ్రేకుని రక్తం తయారుచేసే మూలకణాల్లో వదులు చేస్తుంది, అంతే. అంటే కోట్లు పోసి చేయించుకునే పనినే కొంతమేరకైనా రోజూ చేసిపెడుతున్న మందుని మీరు ఆపేశారు!

అలాగని ఇప్పుడే పాత స్ట్రిప్ తీసి మొదలుపెట్టేయకండి. సీబీసీ, అంటే రక్తకణాల లెక్క చూసే పరీక్ష చూడాలి, ఎదిగే పిల్లాడు కాబట్టి బరువు బట్టి డోసు మారొచ్చు. రిపోర్టులు చూడకుండా డోసు నేను చెప్పను, వాడిని చూసే డాక్టర్ దగ్గరికి ఈ వారంలోనే వెళ్లండి.

ఇంకోటి, జ్వరం. సికిల్ సెల్ పిల్లల్లో ఇన్‌ఫెక్షన్లతో పోరాడే ప్లీహం (స్ప్లీన్) సరిగ్గా పనిచేయదు, మామూలు ఇన్‌ఫెక్షనే గంటల్లో ముదిరిపోవచ్చు. 101 దాటితే, ఛాతీలో నొప్పి, ఆయాసం, ఒక చెయ్యో కాలో బలహీనపడటం, ఒక్కసారిగా పాలిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఊళ్లో ఇంజెక్షన్ కాదు, నేరుగా ఆస్పత్రికే. ఆ రోజు వేసింది ఏ ఇంజెక్షనో మీకు తెలుసా? స్టెరాయిడ్ అయితే నొప్పి తగ్గినట్టే తగ్గి రెట్టింపై తిరిగి రావొచ్చు, డైక్లోఫెనాక్ లాంటివి పదేపదే పడితే ఈ పిల్లల కిడ్నీలకి మంచిది కాదు. "తగ్గింది" అని మీరు రాశారు, నాకు మాత్రం ఆ మాటతో ధైర్యం రాలేదు.

ఇక మీ ప్రశ్న. కాస్‌జెవీకి 2023 నవంబర్‌లో బ్రిటన్, డిసెంబర్‌లో అమెరికా అనుమతి ఇచ్చాయి, 12 ఏళ్లు దాటినవాళ్లకి. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు, మన లెక్కలో 18 కోట్ల పైమాటే. తగినంత కాలం గమనించిన 31 మందిలో 29 మందికి కనీసం ఏడాది పాటు తీవ్రమైన నొప్పి రాలేదు, చాలా గొప్ప ఫలితం, నేనూ సంతోషపడ్డాను. కానీ వీడియోల్లో చెప్పనిది ఏంటంటే, మార్చిన కణాలు ఎక్కించే ముందు బుసుల్ఫాన్ అనే గట్టి కీమో (క్యాన్సర్‌కి వాడే రకం మందు) ఇచ్చి ఎముకల్లో రక్తం తయారుచేసే పాత మజ్జని ఖాళీ చేయాలి, వారాల తరబడి ఆస్పత్రిలో ఉండాలి, పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతినొచ్చు. క్యాప్సూల్ క్యాన్సర్ మందని భయపడ్డ మీకు ఇది ఎవరూ చెప్పలేదు చూడండి.

మన దేశంలో వచ్చేసింది అన్నది బహుశా బిర్సా 101 అనే సికిల్ సెల్ క్రిస్పర్ చికిత్స గురించి, ఢిల్లీలోని ఐజీఐబీ అనే ప్రభుత్వ జన్యు పరిశోధన సంస్థ సైంటిస్టులు చేసింది, 2025 నవంబర్‌లో ప్రకటించారు. ఆశ పెట్టుకోదగ్గదే, కానీ ప్రకటించడం వేరు, ట్రయల్స్ దాటి మీ చేతికి రావడం వేరు. ఇలాంటి వార్త చూసినప్పుడల్లా ఎంతమందికి ఇచ్చారు, ఎంతకాలం చూశారు, ముందు ఏం చేశారు అని మూడు ముక్కలు అడగండి, జవాబు లేకపోతే ఆ వీడియో వదిలేయండి. తప్పు మీది ఒక్కరిదే అననులెండి, మేమూ ఓపీలో రెండు నిమిషాల్లో "జన్యు లోపం, మందు వాడండి" అని పంపించేస్తాం, మిగతాది యూట్యూబే చెప్తుంది.

ఇప్పటికి అందుబాటులో ఉన్న శాశ్వత చికిత్స మజ్జ మార్పిడి, అంటే సరిపోయే దాత మజ్జని ఎక్కించడం. దానికి హెచ్‌ఎల్‌ఏ అనే కణాల గుర్తులు కలవాలి, తోబుట్టువుతో అవి కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు, దానికీ కీమో, రిస్కులు ఉంటాయి, అందరికీ సరిపడదు, రక్త జబ్బుల డాక్టర్ (హెమటాలజిస్ట్)తో మాట్లాడండి. అన్నట్టు పాప బాగానే ఉంది అన్నారు. తనకీ సికిల్ సెల్ ఉందేమో తేల్చే హెచ్‌పీఎల్‌సీ అనే రక్త పరీక్ష చేయించారా లేదా అన్నది రాయలేదు, బాబుతో పాటు తననీ తీసుకెళ్లండి.