ముఖంలో ఒక పక్క అదురు: ఎలా గుర్తించాలి, ఏం చేయాలి?

గాజువాకలో ఉంటున్న మీ అమ్మగారికి 6 నెలలుగా ఎడమ కన్ను అదురుతోందని, ఆడవారికి అది శుభమేనని ఇంట్లో ఊరుకుంటే ఇప్పుడు నోటి మూల కూడా లాగుతోందని రాశారు. దయచేసి ఇక ఆలస్యం చేయవద్దు.

నిద్ర చాలకో, కాఫీ ఎక్కువయ్యో రెప్ప ఒక్కటే కొన్నాళ్లు అదిరితే అది దానంతటదే తగ్గిపోతుంది. అలా కాక, అదురు ఒక పక్క కంటి దగ్గర మొదలై, నెలలు గడిచేకొద్దీ చెంపకూ పెదవికీ పాకి, నిద్రలో సైతం వస్తుంటే అది హెమీఫేషియల్ స్పాజమ్ కావచ్చు. మెదడు కాండం నుంచి ముఖ నరం బయటికి వచ్చే చోట ఒక రక్తనాళం దానిని ఒత్తుతూ ఉండడమే చాలామందిలో దీనికి కారణం; అరుదుగా గడ్డ కూడా కారణమవుతుంది కనుక ఎమ్మారై అవసరం.

డాక్టరు ముందు కూర్చున్న ఆ కాసేపు అదురు రాకపోవచ్చు కాబట్టి, వచ్చినప్పుడే ఫోనులో వీడియో తీసి ఉంచుకుని విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) న్యూరాలజీ విభాగంలో చూపించండి.

మాత్రలతో మేలు తక్కువే. కంటి చుట్టూ, చెంపలో సన్నని సూదితో కొద్దికొద్దిగా ఇచ్చే, కండరాలను సడలించే బొటులినమ్ టాక్సిన్ ఇంజెక్షను చాలామందికి బాగా పనిచేస్తుంది గానీ, దాని ప్రభావం 3, 4 నెలలే ఉంటుంది. కొందరికి రెప్ప తాత్కాలికంగా వాలుతుంది. నరానికీ రక్తనాళానికీ మధ్య టెఫ్లాన్ మెత్త అమర్చే ఆపరేషన్‌తో జబ్బు పూర్తిగా నయమయ్యే అవకాశం ఎక్కువ, అయితే ఆ పక్క వినికిడి దెబ్బతినే ప్రమాదం కొంత ఉంది.

ముఖం హఠాత్తుగా ఒక పక్కకు వాలినా, మాట తడబడినా, అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.