కైలాసం సీనుకు డ్రై ఐసు పొగ

ప్రశ్న: స్కూలు వార్షికోత్సవంలో కైలాసం సీను పెడుతున్నాం. పోయినేడాది 2 కిలోల డ్రై ఐసు బకెట్ నీళ్లలో వేస్తే రెండు నిమిషాలకే పొగ ఆగిపోయింది, ఐసు మాత్రం అడుగున అలాగే ఉండిపోయింది. ఈసారి 10 కిలోలు తెప్పించమంటారా? శివుడి వేషం వేసే బాబు పద్మాసనంలో కూర్చుని ఉంటాడు.
– ఒక ఉపాధ్యాయిని, ఖమ్మం

జవాబు: 10 కిలోలు అసలు వద్దు. లోపం నీళ్లలో ఉంది. డ్రై ఐసు అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78 డిగ్రీల చలి. ఆ వాయువు కంటికి కనబడదు. కనబడే తెల్లటి పొగ, నీటి ఆవిరి చల్లబడి కట్టిన సన్నటి తుంపర. కుళాయి నీళ్లలో వేస్తే పొగ తక్కువే, పైగా ముక్క చుట్టూ మామూలు ఐసు పెంకులా కట్టేస్తుంది. మీ బకెట్ అడుగున మిగిలింది అదే.

స్టీలు డ్రమ్ములో 10 లీటర్ల నీళ్లు 75 డిగ్రీల వేడితో పోయండి. పై అంచు దగ్గర 4 అంగుళాల పీవీసీ గొట్టం పెట్టి స్టేజీ మీదికి వదలండి. మూత ఊరికే ఆనించాలి, బిగిస్తే డ్రమ్ము పేలుతుంది. కోడిగుడ్డంత ముక్కలు జాలీ బుట్టలో వేసి మెల్లగా దించండి. పొగ చాలనుకున్నప్పుడు బుట్ట పైకెత్తితే సరి. కిలో ఐసు ఆ నీటిని దాదాపు 15 డిగ్రీలు చల్లారుస్తుంది, కాబట్టి 2 కిలోలయ్యాక నీళ్లు మార్చాలి. చేతికి మందపాటి తోలు గ్లౌజులు, పట్టకారు తప్పనిసరి. సీను జరిగేంతసేపే ఫ్యాన్లు ఆపండి.

ఇక ముఖ్యమైన మాట. కిలో ఐసు నుంచి సుమారు 540 లీటర్ల వాయువు వస్తుంది. గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, నేలమీదే పేరుకుంటుంది. 20 అడుగుల పొడవు, 15 వెడల్పు, 10 ఎత్తున్న గది మూసేసి 10 కిలోలు వాడితే గాలిలో ఆ వాయువు 6 శాతం దాటుతుంది. 4 శాతమే ప్రాణాపాయ స్థాయి! నేల దగ్గర ఇంకా ఎక్కువ. పద్మాసనంలో ఉన్న పిల్లాడి ముక్కు సరిగ్గా అక్కడే ఉంటుంది. అందుకని బాబును మూడడుగుల ఎత్తు పీఠం మీద కూర్చోబెట్టండి, పొగ మడమలు దాటనివ్వకండి, తలుపులన్నీ తెరిచే ఉంచండి. స్టేజీ కింద, ముందు గుంతలో పిల్లల్ని కూర్చోబెట్టకండి. తలనొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే ఆరుబయటికి తీసుకెళ్లాలి. పాత బావిలో దిగేముందు దీపం దించి చూసే అలవాటుంది కదా, దాన్ని ఇక్కడ నమ్మొద్దు. మనిషికి ప్రమాదమైన గాలిలోనూ దీపం వెలుగుతూనే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ మీటరు అద్దెకు దొరికితే పీఠం పక్కన, బాబు ముక్కు ఎత్తులో పెట్టండి.

తుంపరకు నేల తడుస్తుంది. గజ్జెలు కట్టుకుని ఉత్తికాళ్లతో ఆడే పిల్లలు జారిపడతారు, సీను అవగానే తుడవండి.

ప్రశ్న: మిగిలిన ముక్కలు పిల్లల కూల్‌డ్రింకుల్లో వేయొచ్చా?

జవాబు: వద్దు. 2024 మార్చిలో గురుగ్రామ్‌లో మౌత్ ఫ్రెషనర్ అనుకుని డ్రై ఐసు నోట్లో వేసుకున్నవాళ్లు రక్తం కక్కుకుని ఆసుపత్రి పాలయ్యారు. మిగిలింది థర్మాకోల్ పెట్టెలో, టేపు అంటించకుండా, పిల్లలకు అందని ఆరుబయట వదిలేయండి. ఫ్రిజ్‌లో, సీసాలో, సింకులో వేయకండి.